ఎర్రనల్లి పట్టిన సాక్ష్యం

మెట్టవలస ఎక్సైజ్ స్టేషన్ స్టోరు గదిలో దాచిన గంజాయి మూటల్ని ఎలుకలు తినేశాయి. నిజంగా ఎలుకలే తిన్నాయా, ఎలుకల పేరు చెప్పి ఇంకెవరైనా తిన్నారా అన్నది ఇప్పటికీ తేలలేదు. కోర్టుకు మాత్రం ఎలుకలనే చెప్పారు. జడ్జిగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, మరి ఆ ఎలుకల్ని సాక్షులుగా ఎందుకు చేర్చలేదని అడిగారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ సొత్తు పట్టుకున్నా, విచారణ రోజున దాన్ని "స్వాధీనం నాటి స్థితిలోనే" కోర్టు ముందు పెట్టాలి.

ఎండు గంజాయి అయితే ఇనప్పెట్టె కొని అందులో పడేయొచ్చు. కానీ ఆ ఉత్తర్వు తర్వాత దొరికిన మొదటి కేసులో ఉన్నవి ఏడు పచ్చి మొక్కలు. కొండ కింద కిల్లో బుద్రయ్య పాక వెనక, ఆరుబయట, వంగమొక్కల పక్కన ఎదుగుతున్నాయి. ఇదివరకైతే పీకి, నమూనాకి నాలుగు ఆకులు ఉంచి, మిగతావి తగలబెట్టి ఇంటికి పోయేవారు. ఇప్పుడు పీకితే వాడిపోతాయి. వాడిపోతే అది స్వాధీనం నాటి స్థితి కాదు.

సి.ఐ. పద్మరాజుగారు బుద్రయ్య పెరట్లోనే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కాసేపు ఆలోచించారు.

"సదరు సొత్తును సజీవంగా స్వాధీనం చేసుకుంటున్నాం. సజీవంగానే హాజరుపరచాలి" అన్నారు.

అలా ఆ ఏడు మొక్కల్నీ వేళ్ల చుట్టూ మట్టిగడ్డలతో సహా తవ్వి, జీపులో వరసగా నిలబెట్టి, స్టేషన్ వెనక పెరట్లో తెచ్చి నాటారు. జీపులో బుద్రయ్యని వాటి పక్కనే, కొంచెం ఇరుగ్గా కూర్చోబెట్టారు.

పంచనామా రాసింది హెడ్ కానిస్టేబుల్ లెంక కన్నంనాయుడు. "గంజాయి మొక్కలు ఏడు. మోకాలెత్తు. ఆకుపచ్చనివి. ఆరోగ్యకరమైనవి" అని రాశాడు. ఆ చివరి మాట పెన్ను ఊపులో వచ్చేసింది. అదొక్కటి రాయకుండా ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కన్నంనాయుడిది బొబ్బిలి. ఉద్యోగంలో సగం ఈ కొండల్లోనే గడిచింది. కూతురు హేమలత పుట్టినప్పుడు కొండమీద దాడిలో ఉన్నాడు. ఆ పిల్ల పెళ్లిచూపులప్పుడు సారాబట్టీల మీద ఉన్నాడు. ఇప్పుడు దానికి నెలలు నిండుతున్నాయి, పురిటికి పుట్టింటికొచ్చింది. ఈ ఒక్కసారికైనా మనిషి ఇంట్లో ఉండాలని భార్య రవణమ్మ గట్టిగా చెప్పేసింది. పైవాళ్ల కాళ్లా వేళ్లా పడి బొబ్బిలికి బదిలీ వేయించుకున్నాడు. ఉత్తర్వు జేబులోకి వచ్చింది. ఇక మిగిలిందల్లా స్టోరు సొత్తు కొత్త హెడ్‌కి అప్పగించి, సంతకం పెట్టించుకుని బస్సెక్కడమే.

కొత్తగా వచ్చిన హెడ్ బలగ తవిటయ్య. తాళాలు లెక్కచూసుకున్నాడు, సారా క్యాన్లు కదిపి చూసుకున్నాడు, అన్నిటికీ టకటకా సంతకాలు పెట్టాడు. ఆఖర్న పెరట్లోకి వచ్చి మొక్కల ముందు ఆగిపోయాడు.

"ఇవేటన్నా, ఆకుల మీద ఈ సుక్కలు?"

కన్నంనాయుడు వంగి చూశాడు. ఆకుల పైన సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలున్నాయి. కొన్ని ఆకులు పసుపు తిరిగి, అంచులు కందిపోయాయి.

"దుమ్ము తమ్ముడూ. రోడ్డేస్తన్నారు గదా, లారీలు తిరుగుతన్నాయి."

తవిటయ్య జేబురుమాలు తీసి ఒక ఆకు తుడిచాడు. చుక్కలు పోలేదు.

"దుమ్మయితే పోవాల గదా. కాయితం మీద ఆరోగ్యకరమైనవని రాసీసినావు. ఇవి సూత్తే మంచం పట్టినోళ్లలాగున్నాయి. నాను సంతకం ఎట్టనన్నా. రేపొద్దున సచ్చిపోతే ఉజ్జోగం పోయేది నాది."

"ఒరే, మా పిల్లకి ఈ నెల్లోనే పురుడన్నారు."

"అమ్మాయికి సుఖంగా అయిపోవాలనే కోరుకుంటన్నాను. సంతకం మాత్రం ఎట్టను."

తవిటయ్య చెడ్డవాడేమీ కాదు. ఆ స్థానంలో తను ఉన్నా అదే చేసేవాణ్ణని కన్నంనాయుడికి తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ ఒళ్లు మండింది.

సంగతి సి.ఐ. గారి దాకా పోయింది. ఆయన పెరట్లో పచార్లు చేసి, గుర్తుతెలియని వ్యక్తులు సాక్ష్యాన్ని తారుమారు చేసే దురుద్దేశంతో మొక్కలపై ఏదో చల్లారని నిర్ధారించారు. వెంటనే పహారా పెట్టించారు. తుపాకీ పట్టుకున్న కానిస్టేబుల్ మొక్కల చుట్టూ తిరుగుతుండగానే ఆకుల కింద సన్నటి బూజులాంటి అల్లిక మొదలైంది. కళ్లెదుట నేరం జరుగుతున్నా నేరస్తుడు కనపడకపోవడం పద్మరాజుగారి సర్వీసులో మొదటిసారి.

"గూడు ఉంది కాబట్టి సాలీడు ఉండాలి" అన్నారు.

దాంతో స్టేషన్ సిబ్బంది అంతా సాలీళ్ల మీద పడ్డారు. పెరట్లో, గోడ సందుల్లో, ఆఖరికి లాకప్ కప్పు మీద ఉన్న సాలీళ్లను కూడా ఏరి చంపారు. ఆ సాలీళ్లే అంతవరకూ అసలు దొంగల్ని కాస్తో కూస్తో తింటూ వచ్చాయని ఎవరికీ తెలియదు. అవి పోయాక బూజు కొమ్మకొమ్మకీ పాకింది. ఒక హోంగార్డు స్టోరులో ఉన్న నాటుసారా కొడితే ఏ పురుగైనా చస్తుందన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది గానీ, ఆ సారాకి కూడా ఒక స్వాధీనం నాటి స్థితి ఉందని గుర్తొచ్చి ఆగారు.

చివరికి మండల వ్యవసాయాధికారిణి సుభాషిణిగారిని పిలిచారు. ఆవిడ స్కూటర్ దిగి, పెరట్లో మొక్కల్ని చూసి, చూడనట్టు ఆకాశం వైపు తిరిగి, "ఇది ఏ పంట?" అని అడిగారు.

"అది అడక్కండి మేడమ్. రోగమేటో సెప్పండి సాలు" అన్నాడు కన్నంనాయుడు.

ఆవిడ సంచిలోంచి తెల్లకాగితం తీసి ఒక ఆకు కింద పట్టి, ఆకును వేలితో రెండు తట్లు తట్టారు. కాగితం మీద మిరప్పొడి రవ్వలంత చుక్కలు రాలాయి. అందరూ తలలు వంచి చూశారు. చుక్కలు నడవడం మొదలుపెట్టాయి.

"దుమ్మయితే నడవదు. ఇది ఎర్రనల్లి. ఎండా దుమ్మూ కలిస్తే విజృంభిస్తుంది. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చేస్తుంది. మీరందరూ పైనుంచి చూశారు గానీ ఒక్కరూ ఆకు తిప్పి చూడలేదు" అన్నారు ఆవిడ.

విరుగుడు కూడా చెప్పారు. బాగా చెడిన ఆకులు తుంచి పారేయాలి. ఆకుల అడుగున తగిలేలా నీళ్లు బలంగా కొట్టాలి. ఎండ దిగాక, నీళ్లలో వేపనూనె, కాస్త సబ్బు కలిపి పిచికారీ చేయాలి. గుడ్లు మళ్లీ పొదుగుతాయి కాబట్టి ఒకసారి కొట్టి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ కొట్టాలి.

కన్నంనాయుడి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, వారంలో తేలిపోతుంది అనుకున్నాడు. కానీ పద్మరాజుగారు చెయ్యెత్తారు.

"ఆగు నాయుడూ. తొందరపడి ఒక్క నల్లిని కూడా చంపకు. ఇందులో న్యాయపరమైన చిక్కుంది."

చిక్కు ఏమిటో ప్రభుత్వ వకీలుగారు వచ్చి విప్పిచెప్పారు. ఈ నల్లులు స్వాధీనం రోజున మొక్కల మీద ఉన్నాయా, లేవా? ఉంటే గనక అవీ సొత్తులో భాగమే. వాటిని చంపడం సాక్ష్యాన్ని ధ్వంసం చేయడమే అవుతుంది. ఆ రోజు లేవంటే, తర్వాత అక్రమంగా ప్రవేశించినట్టు. అప్పుడు నిరభ్యంతరంగా చంపుకోవచ్చు.

"మరి ఉన్నాయో లేదో ఎవరికి తెలుస్తాదండి?" అని అడిగాడు కన్నంనాయుడు.

"పెంచినవాడికి తెలుస్తుంది" అన్నారు వకీలుగారు.

పెంచినవాడు బెయిలు మీద ఉన్నాడు. ప్రతి సోమవారం స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టి, పెరటి అరుగు మీద కాసేపు కూర్చుని, నీడ తిరిగాక పోయేవాడు. ఆ సోమవారం బుద్రయ్యకి కుర్చీ వేశారు. టీ కూడా ఇచ్చారు. అతనికి భయం వేసింది.

"ఏం బుద్రయ్యా, నీ మొక్కలకి ఇదివరకు ఈ నల్లి ఉండేదా?" అన్నారు పద్మరాజుగారు, ఎంతో మెత్తగా.

బుద్రయ్య మొక్కల వైపు చూశాడు. చూసిన తీరులో దిగులుందో నవ్వుందో చెప్పడం కష్టం.

"నాకేటి తెలుసు బాబూ. నావి కావు గదా."

"నీవి కావని కోర్టులో చెప్పుకో. ఇక్కడ మామూలుగా చెప్పు."

"మామూలుగానైనా నావి కావు బాబూ."

కన్నంనాయుడు అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. కూతురి పురుడు సంగతీ, బదిలీ సంగతీ, తవిటయ్య సంతకం సంగతీ అన్నీ చెప్పుకున్నాడు. తనే అరెస్టు చేసిన మనిషి దగ్గర తనే బతిమాలుకోవడం ఎంత చిన్నతనంగా ఉందంటే, చెబుతూ చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు.

బుద్రయ్య జాలిగా విన్నాడు. "నీ పిల్ల సల్లగుండాల బాబూ. నానేటైనా సెప్పొచ్చు గానీ, సెప్తే నావి అయిపోతాయి" అన్నాడు.

అందులో తప్పు పట్టడానికేం లేదు. ముద్దాయి నల్లుల్ని తనవిగా చెప్పుకోలేదు కనుక, అవి యజమాని లేని చొరబాటుదారులని నిర్ణయించి, సి.ఐ. గారు వాటి సంహారానికి అనుమతి ఇచ్చారు. ముందుజాగ్రత్తగా కొన్నింటిని ప్రాణంతో సీసాలో వేసి సీలు వేయించారు. తుంచిన ప్రతి ఆకునీ విడివిడిగా కవర్లో పెట్టి ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించారు. టీకొట్టు అప్పన్న ఆ ఊళ్లో సాక్షి సంతకాలకు పెట్టింది పేరు. ఆకులు తుంచిన రోజున అతను కొట్టు కట్టేసుకోవాల్సి వచ్చింది.

తర్వాత మందు కావాల్సొచ్చింది. ఎక్సైజ్ శాఖకు వేపనూనె కొనే పద్దు లేదు. వ్యవసాయ శాఖ దగ్గర నూనె ఉంది, కానీ పంట నమోదైన రైతుకు తప్ప ఇవ్వరు. సుభాషిణిగారు స్టేషన్లోనే కూర్చుని కంప్యూటర్ తెరిచారు.

"ఈ పంట మా జాబితాలో లేదు. లేని పంటకు మందు ఇవ్వలేను. ఎర్రనల్లి బెండకి కూడా పడుతుంది. బెండ అని రాస్తాను."

"రాసీండి మేడమ్."

"భూమి?"

"స్టేషన్ పెరడు."

"అది సర్కారు భూమి. అయితే కౌలు రైతు కావాలి. ఎవరి పేరు రాయమంటారు?"

పద్మరాజుగారు గోడ గడియారం చూశారు. తవిటయ్య బూటు తాడు కట్టుకున్నాడు. కన్నంనాయుడికి బస్సు కళ్ల ముందు కనిపిస్తోంది. నూనె వస్తే నల్లి చస్తుంది, నల్లి చస్తే తవిటయ్య సంతకం పెడతాడు. "నా పేరు రాసీండి" అన్నాడు.

కాసేపటికే అతని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. గౌరవనీయులైన రైతు సోదరా, మీ బెండ పంట నమోదైంది, మీ శ్రమకు జోహార్లు అని.

ఆ రోజు నుంచి కన్నంనాయుడు మనిషి మారిపోయాడు. పొద్దున్నే ఖాకీ ప్యాంటు మడిచి, వంగి, ఆకులు తిప్పి తిప్పి అడుగున నీళ్లు కొట్టేవాడు. ఎండ దిగాక వేపనూనె డబ్బా వీపున వేసుకునేవాడు. వేర్లకు వేపపిండి పెట్టాడు. లారీల దుమ్ము రాకుండా గోనెపట్టాలు కట్టాడు. రవణమ్మ ఫోన్ చేస్తే, "ఏటి సేస్తన్నారు?" అంటే, "మందు కొడతన్నాను" అనేవాడు. ఆవిడ ఠక్కున ఫోన్ పెట్టేసేది. ఆయన అలవాట్లు ఆవిడకు తెలిసినవే గానీ, ఈ అలవాటు కొత్త.

ఒకరోజు తెల్లకాగితం పట్టి తట్టితే ఏమీ రాలలేదు. ఇంకో మొక్క తట్టాడు, ఏమీ లేదు. ఏడూ తట్టి, ఖాళీ కాగితాన్ని పతకంలా పట్టుకుని తవిటయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఆ పరుగులో ఫోన్ మోగింది. మనవడు పుట్టాడు. కన్నంనాయుడు ఫోను ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో పట్టుకుని వరండాలో నిలబడి ఏడ్చాడు. కూతురి దగ్గర ఉండాల్సిన గంటలో తను గంజాయి మొక్కల దగ్గర ఉన్నాడు. ఆ బాధ ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు.

తవిటయ్య కూడా కదిలిపోయి, "ఎట్టీస్తానన్నా" అని పెన్ను తీశాడు.

పద్మరాజుగారు పెన్ను మీద చెయ్యి వేశారు. "విచారణ దగ్గర్లో ఉంది. ఈ తరుణంలో సాగుదారుణ్ణి మార్చడం సొత్తు ఆరోగ్యరీత్యా శ్రేయస్కరం కాదు. నాయుడూ, నువ్వు పంట చేతికొచ్చేదాకా, అంటే, కేసు తేలేదాకా కదలకూడదు."

వానలు పడ్డాయి. నల్లి లేదు, నీరుంది, పిండి ఉంది. మొక్కలు పట్టపగ్గాల్లేకుండా పెరిగాయి. ఈలోగా పంద్రాగస్టు వచ్చింది. రసాయనం చుక్క వాడకుండా ఎర్రనల్లిని జయించిన మండల ఉత్తమ బెండ రైతుగా కంప్యూటర్ కన్నంనాయుడి పేరు బయటికి తీసింది. వేదిక మీద శాలువా కప్పారు. ఎవరో పెద్దాయన చెయ్యి కలిపి, "కాపు ఎలా ఉంది?" అని అడిగాడు. "దిట్టంగా ఉందండి" అన్నాడు కన్నంనాయుడు, వేరే ఏం చెప్పాలో తోచక. ఫొటో పేపర్లో పడింది.

విచారణ రోజున ఏడు మొక్కల్నీ పెద్ద కుండీల్లోకి మార్చి, లారీలో కోర్టుకు తెచ్చారు. తలుపులోంచి దూర్చడానికి వంచాల్సి వచ్చింది. లోపల నిలబెట్టాక ఫ్యాను ఆపారు, కొసలు రెక్కలకు తగులుతున్నాయి. కోర్టంతా ఒకలాంటి వాసన నిండింది. వెనక బెంచీల్లో రోజూ నిద్రపోయేవాళ్లు ఆ పూట చాలా ఉల్లాసంగా కనిపించారు.

జడ్జిగారు పంచనామా చదివారు. తలెత్తి మొక్కల్ని చూశారు. మళ్లీ చదివారు.

"మోకాలెత్తు అని ఉంది" అన్నారు.

ఆరోగ్యాన్ని కాపాడ్డంలో పడి ఎత్తు సంగతి స్టేషన్ మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు.

బుద్రయ్య తరఫున ఉచితంగా వాదించడానికి వచ్చిన చిన్న వకీలమ్మ లేచి కన్నంనాయుణ్ణి బోనెక్కించింది.

"ఈ మొక్కలకు నీళ్లు పోసిందెవరు?"

"నానేనండి."

"ఎరువు వేసింది?"

"నానే."

"రోగమొస్తే మందు కొట్టింది?"

"నానేనండి." ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికింది. తర్వాత తిట్టుకున్నాడు.

"ఈ పంటకు రైతుగా నమోదైన పేరెవరిది?"

కన్నంనాయుడు పద్మరాజుగారి వైపు చూశాడు. ఆయన మొక్కల కొసలు చూస్తున్నారు.

"నాదేనండి."

వకీలమ్మ పేపర్లో పడిన శాలువా ఫొటో జడ్జిగారికి అందించి, "ఇక అడగాల్సింది లేదు" అని కూర్చుంది.

తీర్పు చిన్నదే. కోర్టు ముందున్నవి బుద్రయ్య దగ్గర పట్టుకున్న మొక్కలేనని రుజువు కాలేదు కనుక అతన్ని వదిలేశారు. ఇక కోర్టు ముందున్న ఈ మొక్కల్ని తానే పెంచినట్టు ఒక వ్యక్తి ప్రమాణం చేసి చెప్పాడు కనుక, అతని మీద చట్టప్రకారం చర్య తీసుకోవాలన్నారు.

బయట మెట్ల మీద పద్మరాజుగారు కన్నంనాయుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నా మనసు ఒప్పుకోవడం లేదు నాయుడూ. చట్టం ఒప్పుకుంటోంది."

పంచనామా తవిటయ్య రాశాడు. గంజాయి మొక్కలు ఏడు, నిలువెత్తున్నర, ఆకుపచ్చనివి. ఆ తర్వాత పెన్ను కాసేపు గాల్లో ఆగింది. మొక్కలు చూస్తే ముచ్చటేస్తోంది, అబద్ధం రాయబుద్ధి కాలేదు. "ఆరోగ్యకరమైనవి" అని రాసేశాడు. లారీ మళ్లీ స్టేషన్ పెరటికే వెళ్లింది.

కన్నంనాయుణ్ణి సస్పెండ్ చేశారు. బెయిలు వచ్చింది. షరతు పాతదే, ప్రతి సోమవారం మెట్టవలస స్టేషన్లో సంతకం పెట్టాలి. మిగతా రోజుల్లో ఎక్కడుంటాడన్నది ఎవరూ అడగలేదు. బదిలీ ఉత్తర్వు ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి, కాగితాల ప్రకారం అతను సస్పెన్షన్‌లో ఉండాల్సిన చోటు బొబ్బిలే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు పండక్కి కూడా దొరకని సెలవు, ముద్దాయి అయ్యాక వారానికి ఆరు రోజులు దొరికింది. మనవడికి తనే కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోశాడు. హేమలత నవ్వుతూ ఫొటో తీసింది. రవణమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఈ గంజాయేదో ముందే ఏసుంటే పోను గదా" అంది.

ఎండలు ముదిరాక ఒక సోమవారం కన్నంనాయుడు సంతకం పెట్టి, బస్సుకు టైముందని పెరటి అరుగు మీద కూర్చున్నాడు. రోడ్డు పని మళ్లీ మొదలైంది, లారీలు దుమ్ము లేపుతున్నాయి. గోనెపట్టాలు ఎవరో తీసేశారు. తవిటయ్య ఒక చేత్తో టేపు పట్టుకుని మొక్కల ఎత్తు కొలుస్తున్నాడు, ఈసారి అంగుళం పెరగకూడదు, అంగుళం తగ్గకూడదు. రెండో చేతిలో అతని బదిలీ కాగితం ఉంది. భార్య ఊరు పక్కనే వేయించుకున్నాడట.

కొలుస్తూ కొలుస్తూ ఒక ఆకు దగ్గర ఆగిపోయాడు. ఇంకో ఆకు పట్టుకుని చూశాడు.

"అన్నా, ఓసారి ఇటు రా. ఇవేటి, ఈ సుక్కలు?"

కన్నంనాయుడు లేచి దగ్గరికి వెళ్లాడు. ఆకు తిప్పక్కర్లేదు, పైనుంచే తెలిసిపోయింది. అలవాటుగా చెయ్యి ఆకు అడుగుకి పోబోయింది. దాన్ని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తవిటయ్య మీద నిజంగానే జాలేసింది.

"నాకేటి తెలుసు తమ్ముడూ" అన్నాడు. "నావి కావు గదా."